మా మరిది ప్రపంచ ఛాంపియను

ఏమన్నాడూ, నీ ఫోనులోవాడు? ఆ ముక్క మళ్ళీ పెట్టు. కాస్త గట్టిగా పెట్టమ్మా, ఈ చెవి ఎప్పుడో పోయిందని నీకు తెలుసుగా. ఊఁ... ఊఁ... “ఎవరూ అనుకోకుండా ప్రపంచ ఛాంపియన్లయిపోయిన బాక్సర్లు”ట! అందులో మీ తాతట! సరే, అంతవరకూ బాగానే ఉంది. ఎవరూ అనుకోలేదన్నది నిజమే, ఇంట్లోవాళ్ళం మేమే అనుకోలేదు. ఆ తర్వాత ఏదో కూశాడు చూడు, గుడ్డిదెబ్బ తగిలి గెలిచాడనీ, రెండోసారి కావాలనే ఓడిపోయాడనీ? వాడి నోట మన్ను పడ! వాడెప్పుడు పుట్టాడు, మీ తాత గ్లవ్స్ ఎప్పుడు తొడిగాడు? మీసం కూడా సరిగా రాని కుర్రకుంక, వాడు చెబుతాడా మా మరిది సంగతి! కట్టెయ్, కట్టెయ్ అది. ఆ ఎర్ర కుర్చీలో కూర్చోకు, దాని కాలు ఊగుతోంది. ఇటు మంచం మీదికి రా. నేను చెబుతా విను. మీ నానమ్మనడిగితే చెప్పదు, అది సగం మాట చెప్పి కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి పోయే రకం, పాపం. నాకలాంటివి లేవు, తెలిసిందేగా.

మాది లాండ్రీ. ఇప్పుడు ఆ చోట ఏదో బూట్ల షాపు కట్టారులే, మొన్న ఆటోలో పోతూ చూశాను, గుర్తే పట్టలేదు. ఊళ్ళో హోటళ్ళ దుప్పట్లూ, ఆస్పత్రుల దుప్పట్లూ, కంబళ్ళూ అన్నీ మా దగ్గరికే. ముందు గదిలో మేమిద్దరం తోడికోడళ్ళం ఇస్త్రీ. వెనక గదిలో బాయిలరూ, పెద్ద పెద్ద తొట్లూ. ఆ గదిలోకి పోతే ఆవిరికి ఎదుటి మనిషి కనపడడు, దగ్గు వినపడితే ఓహో ఫలానా అనుకోవడమే. మీ తాత పని ఆ తొట్ల దగ్గర. వేడి నీళ్ళలోంచి కర్రతో బట్ట పైకి లాగి, మెలిపెట్టి పిండి, పక్క తొట్లోకి వెయ్యాలి. తడిసిన కంబళి ఎప్పుడన్నా ఎత్తి చూశావా? చూసుండవులే, మీకు మిషన్లున్నాయి. సొమ్మసిల్లిన మనిషిని ఎత్తినట్టుంటుంది. చిన్నప్పట్నుంచీ అదే పని చేస్తే భుజాలు అలా కాక ఎలా ఉంటాయి? పెళ్ళిలో మీ నానమ్మ తలెత్తి ఆ భుజాలు చూసి భయపడింది. “అక్కా, ఈయన కోపిష్టివాడా?” అని నన్నడిగింది. “కోపమంతా మా ఆయనే తీసేసుకున్నాడు, నీ మొగుడికి మిగల్లేదు, హాయిగా కాపురం చేసుకో” అన్నాను.

అవును, మా ఆయన. మీ పెద్దతాత. నువ్వు ఆయన్ని ముసలితనంలోనే చూశావు, నోరు విప్పని మనిషిగా. అప్పట్లో అలా కాదు తల్లీ, ఇంటి కప్పు లేచిపోయేలా మాట్లాడేవాడు. ఆయనే మొదట బాక్సరు. మంచి బాక్సరే, నా మొగుడని చెప్పడం కాదు. కానీ ఆయన కనుబొమ మీద చర్మం పలచన. ముట్టుకుంటే చాలు చీలిపోయేది, రక్తం కంట్లో పడేది, రిఫరీ ఆట ఆపేసేవాడు. గెలుస్తున్న ఆటలు కూడా అలా పోయేవి. చివరికి డాక్టరు, ఇంకోసారి కుట్లు వెయ్యాల్సి వస్తే కన్నే పోతుందని చెప్పేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి గ్లవ్స్ తీసుకెళ్ళి తమ్ముడి ఒళ్ళో పడేశాడు. “ఇక నువ్వే” అన్నాడు. ఇష్టమా అని అడగలేదు, కష్టమా అని అడగలేదు. మీ తాత వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, “అన్నయ్యా, నాకివి వదులు” అన్నాడు. అంతే, అలా మొదలైంది. మన ఇళ్ళల్లో పెద్ద విషయాలన్నీ ఇలాగే మొదలవుతాయి.

పొద్దున తొట్ల దగ్గర పని, మధ్యాహ్నం మా ఆయన దగ్గర ప్రాక్టీసు. చిన్నా చితకా పోటీల్లో దింపాడు. గెలిచేవాడు, ఓడేవాడు, ఏదీ తలకెక్కించుకునేవాడు కాదు. అయితే మీ తాతకి ఒక విద్య ఉండేది. ఎవణ్ణన్నా ఒకసారి చూస్తే చాలు, అచ్చు వాడిలా ఆడి చూపించేవాడు. వాడు గడ్డం ఎలా దాచుకుంటాడు, ఏ కాలు ముందు పెడతాడు, అలిసిపోతే ఎటు ఒరుగుతాడు, అన్నీ దించేసేవాడు. ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి గూటం చెవిన పడింది. గూటమంటే ఎవరనుకున్నావ్? అప్పటి ప్రపంచ ఛాంపియను! మన ఊరివాడే. వాడి కుడిచెయ్యి పడితే గూటంతో మేకు కొట్టినట్టే, ఎదుటివాడు నేలలోకి దిగిపోవాల్సిందే, అందుకని ఆ పేరు. మనిషి మాత్రం మంచివాడమ్మా, కొండంత మనిషి, నవ్వితే గది నిండిపోయేది. అతని కోచ్ ఒకాయన ఉండేవాడు, ఎప్పుడూ టోపీతోనే. పడుకునేటప్పుడు కూడా తియ్యడేమో అని మేం నవ్వుకునేవాళ్ళం. ఆ టోపీ ఆయన మా లాండ్రీకొచ్చి, “మీ తమ్ముణ్ణి మాకివ్వండి” అన్నాడు. పెళ్ళిచూపులకొచ్చినట్టే మర్యాదగా అడిగాడులే.

పనేమిటంటే, గూటం ఎవడితో ఆడబోతున్నాడో వాడిలా మీ తాత తయారై ప్రాక్టీసులో ఎదురు నిలబడాలి. వాడి దెబ్బలే వెయ్యాలి, వాడి నడకే నడవాలి. అంటే అసలువాడు వచ్చేసరికి గూటానికి వాడు పాత చుట్టం అయిపోవాలన్నమాట. అందుకని జిమ్ములో అందరూ మీ తాతని నకలు అని పిలిచేవాళ్ళు. “ఏరా నకలూ, ఈ నెల ఎవడివిరా?” అనేవాళ్ళు. తనూ నవ్వేవాడు. ఇంటిక్కూడా అదే తెచ్చేవాడు చూడు, అదీ గొడవ! ఒకసారి ఎడంచేతివాటం వాడొకడు వస్తున్నాడు. ఇక మీ తాత తిండీ ఎడంచేత్తోనే, తల దువ్వుకోవడమూ ఎడంచేత్తోనే. దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరం కావాలి కదా, నేనొక కొస, తనొక కొస. రోజూ చేసే పనే. ఆ నెల్లాళ్ళూ ఇద్దరం ఒకే మూల పట్టుకోబోయి నుదుళ్ళు కొట్టుకోవడమే! మీ నానమ్మయితే ఒకరోజు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా, “అక్కా, ఈ నెల నేనెవరితో కాపురం చేస్తున్నానో నాకే తెలియట్లేదు” అంది. నేను నవ్వాపుకోలేక చొక్కా మాడ్చేశాను. హోటలు మేనేజరు చొక్కా అది. ఏమన్నాడో గుర్తులేదు.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా విను, కథంతా దీని మీదే ఉంది. ప్రాక్టీసుకి ఎదురు నిలబడేవాడికి ఒక పద్ధతుంటుంది. ఛాంపియన్ని పడగొట్టకూడదు. గట్టిగా తగిలించకూడదు. సందు కనపడితే కొట్టకూడదు, చెప్పాలి. గూటానికి ఒక లోపం ఉండేది. వరసగా కొట్టి కొట్టి అలిసినప్పుడు కుడిచెయ్యి గడ్డం దగ్గర్నుంచి కిందికి జారిపోయేది. అతనికి తెలియకుండానే జారేది. అప్పుడు మీ తాత “చెయ్యి!” అని అరవాలి. గూటం టక్కున చెయ్యి పైకెత్తుకోవాలి. ఏళ్ళ తరబడి ఇదే. చెయ్యి, చెయ్యి, చెయ్యి! నిద్రలో కూడా మీ తాత చెయ్యి అని కేకేసేవాడని మీ నానమ్మ చెప్పేది. ఎన్నోసార్లు విడిగా కూడా చెప్పాడు, “అన్నా, నేనున్నాను కాబట్టి చెబుతున్నాను, ఎవడన్నా కనిపెడితే ఎలా?” అని. గూటం భుజం మీద చరిచి, “నువ్వున్నావుగా” అనేవాడు. అదీ సంగతి. దెబ్బలు తింటూ, పడుతూ, లేస్తూ, చెబుతూ ఉండేవాడు మీ తాత. చూసేవాళ్ళకేం కనపడుతుంది? పడటమే కనపడుతుంది.

ఒకసారి గూటానికి పెద్ద పోటీ పడింది, ఛాంపియన్‌షిప్ పోటీ. పొరుగుదేశం నుంచి ఒకడు రావాలి. టికెట్లమ్మేశారు, గోడల నిండా పోస్టర్లు. వచ్చేవారం పోటీ అనగా ఆ వచ్చేవాడు ప్రాక్టీసులో మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఇంత తక్కువ వ్యవధిలో ఎవడు దొరుకుతాడు? దొరికినా వాడెలాంటివాడో, ఏం చేస్తాడో! అప్పుడు టోపీ ఆయనకో ఆలోచనొచ్చింది. “మన నకలు ఉన్నాడుగా! పోటీలు ఆడిన అనుభవముంది, బరువు సరిపోతుంది, ఏం కొడతాడో మనకి తెలుసు, ఎప్పుడు పడతాడో మనకి తెలుసు.” చూశావా ఆ తెలివి? పడమని తామే చెప్పి, తామే జీతమిచ్చి, రోజూ పడుతుంటే చూసి చూసి, వీడికి పడటం తప్ప ఏమీ రాదని తామే నమ్మేశారు! బయటివాడెవడూ ఆ పొరపాటు చెయ్యడమ్మా. ఇంట్లోవాళ్ళే చేస్తారు.

పేపర్లవాళ్ళకి పండగే. “లాండ్రీవాణ్ణి ఉతికి ఆరేస్తాడు” అని రాశారు. ఒకడు బొమ్మ కూడా వేశాడు, మీ తాతని క్లిప్పులు పెట్టి తాడుకి వేలాడదీసినట్టు. మీ నానమ్మ ఆ పేపరు తీసుకెళ్ళి బాయిలర్లో వేసింది. మా ఆయన మటుకు ఆ రోజునుంచీ నేల మీద లేడు. జీవితమంతా తను ఎదురుచూసిన పోటీ అది! తమ్ముణ్ణి పెరట్లో నిలబెట్టాడు. “రా, నిలబడు” అన్నాడు. మీ తాత నిలబడ్డాడు. “అది ఆ ఎడంచేతివాడు నిలబడే తీరు. నీలా నిలబడు.” మార్చాడు. “అది ఆ పొడుగాయన. నీలా నిలబడరా!” మళ్ళీ మార్చాడు. చివరికి చేతులు కిందికి వేసేసి, “అన్నయ్యా, నాలా ఎలా నిలబడాలో నాకు తెలియట్లేదు” అన్నాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. నవ్వుతూనే అన్నాడు. ఎంతమందికో ఒళ్ళు అరువిచ్చి తనది ఎక్కడ పెట్టాడో మరిచిపోయినట్టు. మా ఆయన తొట్ల గది వైపు చూశాడు. తర్వాత, “తొట్టి దగ్గర కంబళి పైకి లాగేటప్పుడు ఎలా నిలబడతావురా?” అన్నాడు. మీ తాత కాళ్ళు వెడల్పు చేసి, నడుం కాస్త వంచి, భుజాలు దింపి నిలబడ్డాడు. మా ఆయన చుట్టూ తిరిగి చూశాడు. “ఇక కదలకు, ఇదే నువ్వు” అన్నాడు. ఆ వారమంతా ఆ నిలబడటమే నేర్పాడు. ఎంత ప్రేమగా నేర్పాడనుకున్నావ్! తిట్లు తిట్లే, ప్రేమ ప్రేమే.

పోటీకి రెండు రోజుల ముందు మీ తాత ఏం చేశాడో తెలుసా? పనయ్యాక తిన్నగా గూటం ఇంటికెళ్ళాడు. వెళ్ళి, “అన్నా, నీ కుడిచెయ్యి ఇంకా దిగుతోంది. ఈసారి చెప్పను. కొడతాను” అన్నాడు. గూటం పగలబడి నవ్వాడట. వీపు మీద చరిచి, టీ తాగించి పంపించాడట. ఇంటికొచ్చి ఈ మాట దాచాడా అంటే అదీ లేదు, భోజనాల దగ్గర మామూలుగా చెప్పాడు. మా ఆయన కంచం పక్కకి నెట్టాడు. “బుద్ధుందా నీకు? వెళ్ళి వెళ్ళి వాడికే చెబుతావా?” అని తిట్టాడు. “అంతకాలం వాళ్ళ ఉప్పు తిన్నాను, చెప్పకుండా ఎలా కొట్టను?” అన్నాడు మీ తాత. గూటం ఎలాగూ నవ్వేసి ఊరుకున్నాడు కాబట్టి ఆ గొడవ అంతటితో పోయింది. ఆ ఒక్కసారికి.

పోటీకి మేమిద్దరం తోడికోడళ్ళం కూడా వెళ్ళాం. హాలు కిటకిటలాడుతోంది. మా చుట్టుపక్కల అందరూ గూటం మనుషులే. గంట కొట్టారు. మొదట్లో మీ తాత బాగానే తిరిగాడు. తర్వాత గూటం వరసగా కొట్టుకొచ్చాడు, అలిశాడు, చెయ్యి జారింది. నేనెక్కడో వెనక కూర్చున్నా నాకే కనపడింది. రింగు మూల తమ్ముడి కోచ్‌గా కూర్చున్న మా ఆయన సగం లేచాడు. అప్పుడు మీ తాత, ఓరి దేవుడా, కొట్టడం మానేసి “చెయ్యి!” అన్నాడు! గూటం టక్కున చెయ్యెత్తుకున్నాడు! ఇద్దరికీ అలవాటు మరి. హాల్లో నవ్వులు. ఆ తర్వాతి రౌండులోనూ అదే, “చెయ్యి!” జనం కూడా అందుకున్నారు, “చెయ్యి, చెయ్యి” అని వెక్కిరింతలు. మీ నానమ్మ చెవులు మూసుకుంది. విరామంలో మా ఆయన మీ తాత మొహం రెండు చేతులతో పట్టుకున్నాడు. ఏం చెప్పాడో తర్వాత మాకు తెలిసింది. “ఒరే, నువ్విప్పుడు వాళ్ళ మనిషివి కాదు. మళ్ళీ నోరు తెరిచావంటే ఓడిపోయామని తువ్వాలు విసిరేసి ఇంటికి పోతా, నువ్వు ఒక్కడివే నడిచి రా” అన్నాడట. అన్నాడే గానీ గంట కొట్టేదాకా ఆ మొహం వదల్లేదట. మీ తాత చెప్పాడు నాకు.

తర్వాతి రౌండులో ఎంత కొట్టించుకున్నాడో! పెదవి చిట్లింది, కన్ను వాచింది. గూటం మళ్ళీ వరసగా వేశాడు, వేశాడు, వేశాడు, కుడిచెయ్యి జారింది. మీ తాత పళ్ళు బిగించాడు. నోట్లో ఆ రబ్బరుముక్క ఉంటుంది చూడు, అది కొరికేశాడు, తర్వాత చూస్తే మధ్యకి తెగిపోయి ఉంది. ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోవడం నాకు తెలిసింది. కాళ్ళు వెడల్పు చేశాడు, తొట్లోంచి కంబళి లాగినట్టు కిందనుంచి నడుంతో లాగి, ఒక్కటి. అంతే. ఒక్కటే. గూటం నిలబడే ఉన్నాడు ఒక క్షణం, ఏదో గుర్తుతెచ్చుకుంటున్నవాడిలా. తర్వాత పడ్డాడు. రిఫరీ లెక్కపెడుతున్నాడు. మీ తాత అటూ ఇటూ చూస్తున్నాడు, ఎవరు కొట్టారా అన్నట్టు. లెక్క అయిపోయింది. హాల్లో అన్ని వేలమందీ లేచి నిలబడి పడ్డ గూటాన్నే చూస్తున్నారు. మీ నానమ్మ ఇంకా చెవులు మూసుకునే ఉంది, నా మోచెయ్యి పొడిచి, “అక్కా, ఎవరు గెలిచారు?” అంది. ఏడ్చానమ్మా. నేనే. నాకలాంటివి లేవన్నాను కదూ? ఆ ఒక్కరోజు వదిలెయ్.

గుడ్డిదెబ్బా అది? చెప్పు నువ్వు! అన్నేళ్ళు కళ్ళప్పగించి చూసి, ముందుగా ఇంటికెళ్ళి మరీ చెప్పి కొట్టినదాన్ని గుడ్డిదెబ్బ అంటాడా ఆ ఫోనులోవాడు? కానీ వాడొక్కడే కాదులే, అప్పుడు అందరూ అదే అన్నారు. పేపర్లూ అదే రాశాయి. గూటం ఒంట్లో బాగాలేదన్నారు, కాలు జారిందన్నారు. ఛాంపియన్ బెల్టు ఇచ్చారు గానీ, ఏదో పొరపాటున ఇచ్చిన వస్తువులా చూశారు. మీ తాత ఏం చేశాడంటే, మర్నాడు మధ్యాహ్నం, వాచిన కన్నుతో, మామూలు టైముకి మామూలు సంచి తగిలించుకుని గూటం జిమ్ముకి పోయాడు. పనికి! టోపీ ఆయన తలుపు దగ్గర అడ్డంపడి, “నీకిక్కడ ఇంకేం పని?” అన్నాడట. లోపలినుంచి గూటం, దవడకి కట్టుతో, మాట సరిగా రాకుండానే, “రానివ్వు” అన్నాడట. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. గూటం అడిగాడు, “ఎప్పుడు దిగుతోంది? ఎందుకు దిగుతోంది? చూపించు.” ఆరు నెలల్లో మళ్ళీ ఇద్దరికీ పోటీ ఉంటుందని తెలుసు ఇద్దరికీ. అయినా అడిగాడు. అయినా మీ తాత లేచి చూపించాడు. అతనిలా నిలబడి, అతనిలా కొట్టి, అతనిలా అలిసి, “ఇదిగో, నువ్వు ఊపిరి వదిలినప్పుడు మోచెయ్యి పక్కకి తెరుచుకుంటోంది, దాంతోబాటు చెయ్యి పోతోంది” అని చూపించాడు. కోచ్‌కే తెలియని సంగతి! ఆ వారమంతా వెళ్ళాడు. చెయ్యి దిగడం మానేదాకా వెళ్ళాడు.

ఇంట్లో ఆ మాట చెప్పినరోజు... మా ఆయన తిట్టలేదు. అదే భయం. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! నెమ్మదిగా అడిగాడు. “ఏం చెప్పావు?” “ఎందుకు దిగుతోందో చెప్పాను.” “ఎందుకు చెప్పావు?” మీ తాత తలొంచుకోలేదు. “అన్నయ్యా, అందరూ గుడ్డిదెబ్బ అంటున్నారు. వాడి లోపం దాచుకుని మళ్ళీ గెలిస్తే మళ్ళీ అదే అంటారు. వాళ్ళ సంగతి వదిలెయ్, నాకు తెలియాలి. అన్నీ సరిగా ఉన్న గూటం మీద నేను నిలబడగలనో లేదో నాకు తెలియాలి” అన్నాడు. మా ఆయన ఆ కనుబొమ మీద మచ్చ రుద్దుకుంటూ కూర్చున్నాడు. “అది నీ ఒక్కడి బెల్టా?” అన్నాడు. అంతే. లేచి వెళ్ళిపోయాడు. నాకు ఇద్దరి మాటా న్యాయంగానే తోచింది, అదీ నా ఖర్మ. ఒకడు జీవితంలో తనది అనుకున్న ఒకే ఒక్క వస్తువు, ఇంకొకడు తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టినట్టయింది. ఎవరిని సముదాయించను? ఇస్త్రీ చేసుకుంటూ కూర్చున్నాను.

రెండో పోటీకి నేను పోలేదు. పక్క కొట్లో రేడియో పెట్టారు, అక్కడ నిలబడి విన్నాను. మా ఆయన వెళ్ళాడు, తమ్ముడి మూలనే నిలబడ్డాడు. నీళ్ళిచ్చాడు, స్టూలు వేశాడు, రక్తం తుడిచాడు. కానీ మొదట్నుంచీ చివరిదాకా ఒక్క మాట మాట్లాడలేదమ్మా. చివరి రౌండు దాకా ఆడారు ఇద్దరూ. గూటం చెయ్యి గడ్డం వదల్లేదు. మీ తాత ఆ చెయ్యి మీదే కొట్టాడు, పక్కటెముకల మీద కొట్టాడు, పడ్డాడు, లేచాడు, గూటాన్ని కూడా ఒకసారి మోకాళ్ళ మీదికి తెచ్చాడు. రేడియోవాడి గొంతు పోయింది అరిచి అరిచి. చివరికి పాయింట్లలో గూటం గెలిచాడు, వెంట్రుకవాసిలో. కావాలని ఓడేవాడు ఎవడన్నా అంత దెబ్బలు తింటాడా? కావాలని ఓడేవాడు మొదట్లోనే పడి ఇంటికి పోడూ? అమ్ముడుపోయాడన్నారు తల్లీ. లాండ్రీకి బట్టలేయడానికొచ్చి మరీ మీ నానమ్మ మొహం మీదే అన్నారు. మర్నాడు దుప్పటి మడతపెడుతూ, మీ తాత ఆ కొస పట్టుకుని, “వదినా, మొదటిదానికన్నా ఇదే బాగా ఆడాను. ఎవరికి తెలిసినా తెలియకపోయినా అన్నయ్యకి తెలుసు” అన్నాడు. ఎదురుచూశాడు, పిచ్చివాడు. అన్నయ్య ఆ ఒక్క మాట అంటాడని.

అన్లేదు. ఆ రోజునుంచీ మా ఆయన తమ్ముడితో మాట్లాడలేదు. ఒకే ఇల్లు, ఒకే తొట్ల గది, ఒకే పొయ్యి మీద వంట. మధ్యలో నేను. “వాడితో చెప్పు, బాయిలరు వేడి ఎక్కువైందని.” వాడు రెండడుగుల దూరంలో ఉంటాడు! “వదినా, అన్నయ్యతో చెప్పు, తగ్గించానని.” నేను తపాలా బంట్రోతునయ్యాను. మొదట్లో తిట్టాను, తర్వాత బతిమాలాను, ఒకసారి ఇద్దరికీ వంట మానేసి కూర్చున్నాను. ఇద్దరూ చెరో మూలా రొట్టెముక్క నములుతూ నన్నే జాలిగా చూశారు. విరోధమా అంటే విరోధమూ కాదు. తమ్ముడికి జ్వరమొస్తే డాక్టర్ని తీసుకొచ్చేది మా ఆయనే. గుమ్మం దగ్గర నిలబడి డాక్టరు చెప్పింది వినేవాడు, లోపలికొచ్చేవాడు కాదు. మీ నాన్న పుట్టాక వాడికి మొదట నడక నేర్పింది మా ఆయనే. పెంచుకున్నాడు వాణ్ణి. కానీ వాడి తండ్రితో మాట లేదు. జుట్లు నెరిశాయి ఇద్దరికీ. మీ తాత చివరిదాకా ఏమనేవాడంటే, “పోనీలే వదినా, నన్ను తిట్టకపోతే అన్నయ్యకి తోచదు, ఎప్పుడో నోరు జారి తిట్టేస్తాడులే.”

మీ తాత పోయిన రోజు ఎండగా ఉంది. పొద్దున ఛాతీలో నొప్పన్నాడు, మంచం మీద పడుకున్నాడు, ఇక లేవలేదు. మీ నానమ్మకి స్పృహ లేదు, మీ నాన్న ఎక్కడో ఉద్యోగంలో ఉన్నాడు, రావడానికి సాయంత్రమవుతుంది. గూటం వచ్చాడు, కర్ర పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అందరూ వచ్చిపోతున్నారు. మధ్యాహ్నం కాస్త జనం పల్చబడ్డాక మా ఆయన లేచి, ఆ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. నేను కంగారుపడి వెనకే వెళ్ళాను. లోపల మాటలు వినపడుతున్నాయి. ఎవరున్నారా అనుకున్నాను. ఎవరూ లేరు. తమ్ముడి పక్కన స్టూలేసుకుని కూర్చుని మాట్లాడుతున్నాడు. ఆ రెండో పోటీ గురించి, రౌండు తర్వాత రౌండు, ఏ విరామంలో ఏం చెప్పి ఉండాలో అదంతా చెబుతున్నాడు. ఎడమకి తిరగాల్సిందిరా, వాడి ఊపిరి అయిపోయింది, నేను చూశాను, చెప్పలేదు. ఇప్పుడు పక్కటెముకలు చూసుకో. ఇప్పుడు దూరంగా ఉండు. బాగా లేచావురా, పడి లేచినప్పుడు నా గుండె ఆగిపోయింది, అంత బాగా లేవడం నాకే రాలేదు. నా జీవితంలో చూసిన ఆటల్లో అదే ఆటరా, గెలిచింది కాదు, ఇదే. అలా చెబుతూనే ఉన్నాడు, గొంతు బొంగురుపోయేదాకా. ఇక అయిపోయిందేమో అని నేను తలుపు తియ్యబోయాను. అప్పుడు ఒక్కసారిగా గొంతు పెంచాడు, ఇంటి కప్పు లేచిపోయేలా, పాతరోజుల్లో పెరట్లో తిట్టినట్టే. “అయినా నువ్వు చేసింది తప్పేరా! ఇప్పటికీ తప్పే అంటాను! కాదంటావా? లే. లేచి కాదను.”

...

నీ బస్సుకి టైమైనట్టుంది కదూ? సంచి సర్దుకో. చీకటి పడకముందే దిగాలి నువ్వు.